సెకనుకో అతుకు

పొద్దున్న పోలీస్ స్టేషను మెట్లెక్కేటప్పటికి తక్కెడ చేతిలో ఉన్న సరుకల్లా రెండు అంకెలు. తొమ్మిది వందలు, పదకొండు వందల నలభై.

మొదటిది మెకానిక్కు మాట. సామిల్లులో రంపాన్ని తిప్పే పాత ట్రాక్టరు ఇంజను నిమిషానికి తొమ్మిది వందల చుట్లు తిరిగేలా కట్టి వచ్చానంటాడు. రెండోది పోలీసుల మీటరు మాట. అదే ఇంజను పదకొండు వందల నలభై తిరుగుతోందంటుంది. ఈ రెంటి మధ్య తేడాకి ఒక నిండు ప్రాణం పోయింది. మొన్న ఉదయం మిల్లు యజమాని రంపం ముందు నిలబడి దుంగ తోశాడు. గుండ్రటి రంపానికి పంటి మొదట్లో వెంట్రుకంత పగులు ఎప్పటినుంచో ఉంది, మిల్లువాళ్లకి తెలిసిందే. మామూలు వేగానికి అది ఓర్చుకుంది, ఆ వేగానికి ఓర్చుకోలేకపోయింది. ముక్క ఎగిరి వచ్చి ఆయన గుండెలో దిగింది.

తక్కెడ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇరవై ఏళ్లు పాత ఇనుము, పాత యంత్రాలు కొని అమ్మినవాడు. ఇప్పుడు జనం అతని దగ్గరికి ఇనుము బదులు అబద్ధాలు తెస్తారు. అతను వాటిని తూచి ఏది ఎంత బరువో చెబుతాడు. వ్యాపారంలో అతను నేర్చుకున్న మొదటి పాఠం, సరుకు మీద మనసు పడ్డట్టు మొహంలో కనిపించకూడదని. ఈసారి ఆ పాఠం పనికిరాదు. లాకప్పులో ఉన్న ఆ మెకానిక్కు సొంత చెల్లెలి మొగుడు.

"రండి, తక్కెడగారూ," అన్నాడు ఇన్స్పెక్టరు కుర్చీలోంచి లేవకుండానే. "బావగారిని తూచడానికి వచ్చారా? తూకం మేం వేసేశాం. సాయంత్రం నాలుగింటికి కోర్టుకి తీసుకెళ్తున్నాం."

"వేసిన తూకమే ఇంకోసారి వేసి చూసుకుంటే రాళ్లు అరిగిపోవుగా."

"చూసుకోండి." ఇన్స్పెక్టరు బల్ల మీద టార్చిలైటులా ఉన్న మీటరుని ముందుకు తోశాడు. "తిరిగే ఇరుసు మీద దీని వెలుగు వేస్తే ఎన్ని చుట్లో చెప్పేస్తుంది. మొహమాటం లేదు. దీనికి చుట్టాలు లేరు."

"నాకున్నారు. అందుకే అడుగుతున్నాను. మీ కేసేమిటో నా మొహాన చెప్పండి."

ఇన్స్పెక్టరు వేళ్లు మడిచాడు. "ఆ ట్రాక్టరు తాతల నాటిది. వేగం చూపించే మీటరే లేదు. ఇంజను వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు స్ప్రింగు మార్చింది మీ బావ. స్క్రూ తిప్పి వేగానికి కళ్లెం కట్టింది మీ బావ. పైన రంగు పూసి సీలు వేసింది కూడా ఆయనే. ఆ రంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అంటే తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అంతకు వారం ముందు యజమాని గేటు దగ్గర నలుగురిలో ఆయన్ని తిట్టాడు. పిలిస్తే పలకలేదని, పొగరని. పగా ఉంది, చేతిలో స్క్రూ కూడా ఉంది."

"మనిషన్నాక పొరపాటు చేయడా?"

"నేనూ ముందు అలాగే అనుకున్నాను, నమ్మండి." ఇన్స్పెక్టరు గొంతులో వెటకారం పోయింది. "ఇంజను వేగం పెంచి తగ్గించి విన్నాను. ఆ తేడా నాకే తెలిసింది. టీ తెచ్చినవాడికీ తెలిసింది. ముప్ఫై ఏళ్ల మెకానిక్కుకి తెలియదా? అదే అడిగాను. 'చెవి పెట్టి వినే కట్టాను, శబ్దం సరిగ్గానే ఉంది' అన్నాడు. కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. అంటే విన్నాడు, తెలిసే వదిలేశాడు. దాన్ని ఇంకేమంటారో మీరే చెప్పండి."

తక్కెడ ఎటు తిప్పి చూసినా ఆ మాటలో ఎక్కడా బొక్క లేదు.

మెకానిక్కుని కూర్చోబెట్టిన గదిలో బల్ల, రెండు కుర్చీలు, చువ్వల కిటికీ ఉన్నాయి. రెండు రాత్రులు నిద్ర లేని కళ్లు. గోళ్ల సందుల్లో నల్లగా గ్రీజు. తక్కెడ లోపలికి రాగానే అతను లేచి నిలబడి, బావ మొహం మీదే చూపు నిలిపాడు.

"బావా, నా చెల్లెలు బాగానే ఉంది. ముందు నాకు పని చెప్పు. వేగం ఎలా కట్టావు?" అన్నాడు తక్కెడ.

పని మాట రాగానే మెకానిక్కు గొంతు కుదుటపడింది. "ఆ ఇంజనుకి పుల్లీ నేరుగా ఇరుసు మీదే ఉంటుంది బావా. దాని చుట్టుకొలత మీటరు. అక్కణ్నుంచి రంపానికి పోయే బెల్టు పదిహేను మీటర్లు. బెల్టు రెండు కొసల్నీ తోలు తాడుతో కుడతారు. ఆ అతుకు తెల్లగా కనిపిస్తుంది. బెల్టు ఒక్కసారి పూర్తిగా తిరిగి వచ్చిందంటే ఇంజను పదిహేను చుట్లు తిరిగినట్టు. నేను గడియారం పక్కన పెట్టుకుని, సెకను ముల్లు కదిలినప్పుడల్లా ఒక్క అతుకు కళ్ల ముందు నుంచి పోయేలా స్క్రూ తిప్పుతాను. నిమిషానికి అరవై అతుకులు. అరవై పదిహేన్లు తొమ్మిది వందలు. పన్నెండేళ్లుగా ఆ మిల్లులో అదే లెక్క. ఒక్కసారి కూడా తప్పు రాలేదు."

"ఈసారి కూడా అరవయ్యేనా?"

"అరవయ్యే. మూడుసార్లు చూశాను."

"శబ్దం?"

"విన్నాను. సరిగ్గానే ఉంది."

ఆ జవాబు మరీ త్వరగా వచ్చింది. ధర అడక్కముందే తగ్గిస్తాననేవాడి సరుకులో ఏదో లోపం ఉంటుంది. తక్కెడ లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, వీపు చూపిస్తూ నిలబడ్డాడు. ఎద్దుని కొనేవాడు ముందు నిలబడి గడ్డి పెట్టడు, వెనక్కి వెళ్లి చప్పట్లు కొడతాడు.

"చెల్లెలు ఇక నీతో కాపురం చేయనంటోంది," అన్నాడు కిటికీ చువ్వలతో, మామూలు గొంతుతోనే.

కిటికీ అద్దంలో మెకానిక్కు నీడ కనిపిస్తోంది. అతను గోళ్లు చూసుకుంటున్నాడు.

"విన్నావా? పొద్దున్నే పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది."

అద్దంలో నీడ కదల్లేదు. తక్కెడ జేబులోంచి తాళాల గుత్తి తీసి నేల మీద వదిలేశాడు. గుమ్మం బయట ఉన్న కానిస్టేబులు ఉలిక్కిపడి తొంగిచూశాడు. మెకానిక్కు మాత్రం గోటిలోంచి గ్రీజు తీస్తూనే ఉన్నాడు.

తక్కెడ తిరిగి వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు. "ఎన్నాళ్లయింది బావా?"

"ఏది?"

"చెవులు పోయి."

మెకానిక్కు ముందు నవ్వబోయాడు. తర్వాత కానిస్టేబులు వైపు చూశాడు. ఆ తర్వాత బల్ల మీద తల ఆన్చి, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. తక్కెడ అతని తల ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. మొహం కనిపించకపోతే మాట చేరదు మరి.

"రెండేళ్లు," అన్నాడు చివరికి. "ముందు ఎడమది. తర్వాత రెండోది. ముప్ఫై ఏళ్లు ఇంజన్ల పక్కన బతికితే మిగిలింది ఇదే. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను."

"గేటు దగ్గర యజమాని పిలిస్తే పలకలేదన్నది..."

"వెనకనుంచి పిలిచాడట. నాకేం తెలుసు? తిరిగేసరికి ముందు నిలబడి తిడుతున్నాడు."

"ఇంత పెట్టుకుని చెవి పెట్టి విన్నానని సంతకం చేశావా? నీ మెడకి నువ్వే తాడు పేనుకున్నావు కదయ్యా!"

"ఎవరికీ చెప్పకు బావా. నీ కాళ్లు పట్టుకుంటాను." నిజంగానే బల్ల కింద చేతులు చాచాడు. "చెవిటి మెకానిక్కుని ఎవడు పిలుస్తాడు? ఉరి ఒక్కసారే వేస్తారు. ఇది బయటపడితే రోజూ చావాలి. ఇంటికొచ్చి ఉత్త చేతులతో నీ చెల్లెలి మొహం చూడాలి."

"ఎవరెవరికి తెలుసు?"

"నీ చెల్లెలికి. వేరే ఊళ్లో ఒక డాక్టరుకి. ఇంకెవరికీ చెప్పనని నీ చెల్లెలి చేత ఒట్టు వేయించుకున్నాను."

తక్కెడ మనసులో లెక్క వేసుకున్నాడు. చెవుడు సంగతి చెబితే, శబ్దంలో తేడా ఎందుకు పట్టుకోలేదో తెలుస్తుంది. అంతవరకే. అరవై అతుకులు లెక్కపెట్టి కట్టిన ఇంజను పదకొండు వందల నలభై ఎలా తిరిగిందో దానివల్ల తెలియదు. పరువు పోతుంది, ప్రాణమూ దక్కదు. ఇంత నష్టపు బేరం అతను జన్మలో చూడలేదు.

బయటికి వచ్చి ఇన్స్పెక్టరు బల్ల ముందు నిలబడ్డాడు. "మీ మీటరు పట్టుకుని మిల్లుకి రండి. ఇంజను ఒక్కసారి నా ముందు తిప్పండి."

"ఆడలేక మద్దెల ఓడంటారా? మీటరు తప్పని నిరూపిస్తారా?"

"మీటరు తప్పు చెప్పిందని నేననలేదు. గంట ఇవ్వండి. నేను ఓడితే మళ్లీ ఈ స్టేషను మెట్లెక్కను."

ఇన్స్పెక్టరు టోపీ అందుకున్నాడు. "ఓడినా గెలిచినా ఆ మాట మీద ఉంటానంటే రెండు గంటలిస్తాను."

మిల్లు గేటు తీసింది యజమాని తమ్ముడు. గడ్డం మాసి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తక్కెడని చూడగానే గేటుకి అడ్డం నిలబడ్డాడు.

"ఈయన్నెందుకు తెచ్చారు సార్? మా అన్నని చంపినవాడి చుట్టం కదా ఈయన!"

"చుట్టరికం ఇంటి దగ్గర వదిలేసి వచ్చాడులే," అన్నాడు ఇన్స్పెక్టరు. "ఇంజను స్టార్టు చెయ్యి. ఒక్క నిమిషం."

రేకుల షెడ్డు కింద రంపపు పొట్టు పాదాలు మునిగేంత ఉంది. రంపం లేదు, దాని ముక్కల్ని పోలీసులు తీసుకెళ్లారు. ఉత్త ఇరుసు మిగిలింది. దానికి ఎదురుగా, షెడ్డు బయట, రంగు ఎప్పుడో పోయిన ట్రాక్టరు నిలబడి ఉంది. రెంటి మధ్య బెల్టు బిగువుగా ఉంది. యజమాని తమ్ముడు ఇనుప కడ్డీ దూర్చి బలంగా తిప్పాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి పొగ కక్కి అందుకుంది. ఇంజను వేడెక్కి నిలకడ మీదికి వచ్చేదాకా ఆగారు.

ఇన్స్పెక్టరు పుల్లీ మీద మీటరు వెలుగు వేసి, అంకె తక్కెడ మొహం ముందు పెట్టాడు. పదకొండు వందల నలభై.

"చాలా?" అని అరిచాడు.

"చాల్లేదు!" అని తక్కెడ కూడా అరిచాడు. "ఇప్పుడు మా బావ లెక్క చూద్దాం. బెల్టు మీద ఆ తెల్ల అతుకు కనిపిస్తోందా? మీ గడియారం చూస్తూ నిమిషంలో ఎన్నిసార్లు పోతుందో మీరే లెక్కపెట్టండి. నేను పెడితే నమ్మరు."

ఇన్స్పెక్టరు విసుక్కుంటూనే మణికట్టు పైకెత్తాడు. పెదాలు కదులుతున్నాయి. నిమిషం అయ్యాక కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి అయ్యాక చేయి ఊపి ఇంజను ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో అతని మాట గట్టిగా వినిపించింది.

"అరవై. సరిగ్గా అరవై."

"అంటే మా బావ అబద్ధం చెప్పలేదు."

"మీటరు కూడా చెప్పలేదు." ఇన్స్పెక్టరు పుల్లీ వంక చూస్తూ గొణిగాడు. "రెండూ నిజమెలా అవుతాయి?"

తక్కెడ అప్పటికే బెల్టు పక్కన నడుస్తున్నాడు. ట్రాక్టరు ముందు అతని కాలు పొట్టులోకి దిగబడింది. వంగి చేత్తో పొట్టు తోశాడు. కింద చక్రాలు ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడితే పడ్డ గుంటలు, నల్లగా గట్టిపడ్డ నూనె మరక కనిపించాయి. ట్రాక్టరు ఇప్పుడు ఆ గుంటల్లో లేదు. వాటికి రెండు మీటర్లు వెనక ఉంది.

"పదకొండు వందల నలభైని అరవైతో భాగించండి," అన్నాడు.

"పంతొమ్మిది."

"మా బావ లెక్కలో బెల్టు పదిహేను మీటర్లు. పదండి, కొలుద్దాం."

బెల్టు జార్చి, దుంగలు కొలిచే టేపు పరిచారు. పంతొమ్మిది మీటర్లు తేలింది. తక్కెడ బెల్టు లోపలి వైపు బొటనగోటితో రాసుకుంటూ పోయాడు. కుట్టిన అతుకు నుంచి నాలుగు మీటర్ల దూరంలో గోరు ఆగింది. అక్కడ కుట్టు లేదు. రెండు కొసల్నీ ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పరిచి, జిగురుతో అంటించి, పైన రాళ్లపొడి రుద్దారు. కంటికి ఆనదు. తిరిగేటప్పుడు చప్పుడూ చేయదు.

"బెల్టు పొడుగైతే అతుకు ఆలస్యంగా తిరిగొస్తుంది," అన్నాడు తక్కెడ. "దాన్ని మళ్లీ సెకనుకి ఒకసారి రప్పించాలంటే ఇంజను వేగం పెంచాల్సిందే. మా బావ పాత లెక్కే కట్టాడు. కింద కొలబద్ద మారిపోయింది."

యజమాని తమ్ముడు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "ఏమిటి, బెల్టుకి ముక్క వేయడం గురించా? అదేం రహస్యం కాదే! పొట్టు ఎగిరొచ్చి రేడియేటరులో పడుతోంది, ఇంజను కాగిపోతోంది. ట్రాక్టరుని దూరంగా పెడదామంది వదిన. వెనక్కి జరిపింది నేనే. ముక్క అంటించింది వదిన. వాళ్ల నాన్న ఈ మిల్లు కట్టకముందు బెల్టుల పనే చేసేవాడు. ఆమె చేతి అతుకు అంత నున్నగా ఇంకెవరికీ రాదు."

"ఎప్పుడు?"

"మీ బావ స్ప్రింగు మార్చడానికి వచ్చినదానికి ముందు రోజు."

"ఆ సంగతి మా బావకి ఎవరైనా చెప్పారా?"

"చెప్పకపోవడమేమిటి? నా కళ్ల ముందే చెప్పింది." అతని గొంతు పెరిగింది. "ఆయన ఇంజను మీద వంగి ఉన్నాడు. వదిన వెనక నిలబడి, 'బెల్టు పొడుగు చేశాం, చూసి కట్టండి' అంది. రెండుసార్లు చెప్పింది. ఆయన తల కూడా తిప్పలేదు. అన్నయ్య ఊరికే అనలేదు పొగరని!"

ఇన్స్పెక్టరు నెమ్మదిగా తక్కెడ వైపు తిరిగాడు. గెలిచినవాడి సంతోషం అతని మొహంలో లేదు. ఇక తప్పదన్నట్టు చూశాడు. "సాక్షి ఉన్నాడు. చెప్పారు. మీ బావ విన్నాడు, లెక్క మార్చలేదు. ఇంతవరకూ నా కేసుకి కాళ్లే ఉన్నాయి. ఇప్పుడు మీరు తలకాయ కూడా తెచ్చి అతికించారు."

తక్కెడకి బల్ల కింద చాచిన చేతులు గుర్తొచ్చాయి. ఇక దాచడానికి చోటు లేదు. బావకి ఇచ్చిన మాట ఏదీ లేదు గానీ, ఇవ్వకపోయినా అది మాటే. దాన్ని అక్కడే, ఆ పొట్టులోనే పారేశాడు.

"వినలేదు. మా బావకి రెండు చెవులూ లేవు. రెండేళ్లయింది. మొహం చూస్తే తప్ప ఒక్క ముక్క తెలియదు. నమ్మకపోతే వెనక నిలబడి తుపాకీ పేల్చి చూడండి."

యజమాని తమ్ముడు టేపు చుట్టడం ఆపేశాడు.

"చూస్తాను. డాక్టరు చేత చూపిస్తాను," అన్నాడు ఇన్స్పెక్టరు ఆలోచిస్తూ. "నిజమైతే మీ బావ మీద హత్య నిలవదు. కానీ ఆమె మీద మాత్రం ఏముంది? పొట్టు పడుతోందని జరిపించింది. మెకానిక్కుకి చెప్పింది. అతను చెవిటివాడని ఆమెకేం తెలుసు? తెలియనంతవరకూ ఆమె కూడా మొగుణ్ని పోగొట్టుకున్న మనిషే."

"తెలిస్తే?"

"తెలిస్తే అది హత్యే." ఇన్స్పెక్టరు ఉత్త ఇరుసు వంక చూశాడు. "కానీ ఆ రంపం ముందు ఎవరు నిలబడతారో ఆమెకి ఎలా తెలుస్తుంది? మిల్లులో నలుగురు పనివాళ్లున్నారు."

జవాబు యజమాని తమ్ముడి నుంచి వచ్చింది. ఎవరూ అడక్కుండానే, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "రిపేరు చేశాక మొదటి దుంగ అన్నయ్యే తోస్తాడు. వేరే ఎవర్నీ తోయనివ్వడు. పనివాడికి ఏమైనా అయితే తన మీదికి వస్తుందని." అతను ట్రాక్టరు చక్రం పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చే నెల మిల్లు అమ్మేస్తానన్నాడు. ఇది వదిన వాళ్ల నాన్న కట్టిన మిల్లు. వదిన ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. ఒప్పుకుందనుకున్నాం."

తక్కెడ ఫోను తీశాడు. ఇప్పుడు కావలసింది ఒక్కటే జవాబు. ఆ తొందరలో, ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఏనాడూ చేయని తప్పు చేశాడు. అవతల ఎవరున్నారో చూసుకోకుండా నోరు విప్పాడు.

"అన్నయ్యా! ఏమైంది? ఆయన్ని వదిలేశారా?" చెల్లెలి గొంతు వెనక ఏదో బండి చప్పుడు.

"అమ్మడూ, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. బావ చెవుల సంగతి ఎవరికైనా చెప్పావా?"

చెల్లెలి గొంతు తగ్గింది.

"తిట్టకు అన్నయ్యా. ఒక్కళ్లకే చెప్పాను. గేటు దగ్గర ఆయన్ని అన్ని మాటలంటే నా కడుపు రగిలిపోయింది. అది పొగరు కాదు, వినపడదు అని ఎవరికో ఒకరికి చెప్పాలిగా! యజమానిగారి భార్యకి చెప్పాను. అక్క పాపం నా చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా. ఎవరికీ చెప్పనంది."

ఇన్స్పెక్టరు ఫోనుకి చెవి ఆన్చి వింటున్నాడు. చేతిలో మీటరు కిందికి దిగిపోయింది.

"ఇప్పుడెక్కడున్నావు నువ్వు?" అన్నాడు తక్కెడ.

"అక్కతోనే ఉన్నా! వ్యానులో." చెల్లెలి గొంతులో రెండు రోజుల తర్వాత మొదటిసారి సంతోషం తొంగిచూసింది. "పొద్దున్న తనే ఇంటికొచ్చింది అన్నయ్యా. కేసు వెనక్కి తీసుకుంటానంది. వకీలు దగ్గరికి తీసుకెళ్తోంది. ఊరు దాటి ఎక్కడో ఉంటాడట. అక్కే నడుపుతోంది. అన్నయ్య ఫోనంటే స్పీకర్లో పెట్టమంది. ఇద్దరం వింటున్నాం. మాట్లాడు."

తక్కెడ ఏదో అనబోయాడు. అంతకు ముందే యజమాని భార్య మాట్లాడింది. తొందర లేని గొంతు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.

"అన్నయ్యగారూ, బాగున్నారా? మిల్లులోనే ఉన్నట్టున్నారు." ఇంజను రొద పెరిగింది, బండి వేగం అందుకుంటోంది. "బెల్టు కొలిచారా? ఎంత తేలింది?"

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు.

ఇన్స్పెక్టరు గేటు వైపు పరిగెత్తుతూ వ్యాను నంబరు కోసం అరుస్తున్నాడు. యజమాని తమ్ముడు ఒక్కో అంకె చెబుతున్నాడు. ఊళ్లోంచి బయటికి నాలుగు దారులున్నాయి. ఏ దారిన వెళ్లిందో చెప్పేవాళ్లు లేరు.

తక్కెడ పరిగెత్తుతూనే లెక్క చూసుకున్నాడు. అది అతని అలవాటు, ఆపుకోలేకపోయాడు. బావ మెడకి తాడు తప్పింది. హంతకురాలు ఎవరో తేలింది, ఎలా చంపిందో తేలింది, పోలీసే చెవి ఆన్చి విన్నాడు. రోజు మొత్తం మీద లాభం అంతా ఇదే. బావ చెవుడు సంగతి హంతకురాలికి నేనే చెప్పానని కోర్టులో చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆ మనిషి చేతే ఆ మాట, హంతకురాలు పక్కనే కూర్చుని వింటుండగా, తనే చెప్పించాడు.